ఫ్లవర్ షోకి మీ గులాబీలు మీరే పేర్చాలి

హనుమకొండలో మా నర్సరీకి, పూల షాపుకు వచ్చే అక్కలకు, అన్నలకు, మేడమ్‌లకు, సార్లకు నమస్తే. అమెచ్యూర్ ఫ్లవర్ షో పోటీకి గులాబీల అమరిక మేం చేసి ఇవ్వం. ఇంతకుముందు కూడా ఇవ్వలేదు. ఈసారి అడిగేవాళ్లు బాగా ఎక్కువయ్యారు కాబట్టి అందరికీ ఒకేసారి రాసి చెబుతున్నాను. పెళ్లికి, పుట్టినరోజుకు, ఆఫీసు ఫంక్షన్‌కు బొకేలు ఎప్పటిలాగే చేస్తాం. మీ పేరుతో పోటీ బల్ల మీద పెట్టేదాని మీద మాత్రం మా చెయ్యి పడదు.

"అక్కా, జర నువ్వే మంచిగ పెట్టియ్యరాదు, పైసలు ఎంతైనా ఇస్త" అని నాకు బాగా కావలసినవాళ్లే అడుగుతున్నారు. చలికాలంలో ఆ ఆర్డర్లు తీసుకుంటే షాపుకు మంచి రాబడి వస్తుంది, అది దాచను. కానీ ఆ అమెచ్యూర్ విభాగం పూల పని బతుకుదెరువు కానివాళ్ల కోసం పెట్టింది. కాజీపేటలో డాబా మీద కుండీల్లో గులాబీలు పెంచి, పొద్దున్నే బస్సులో బకెట్ పట్టుకొచ్చే ఒక అమ్మ పక్కన, రోజూ ఇదే పని చేసే నా అమరిక ఇంకొకరి పేరుతో నిలబడితే ఆమెకు అన్యాయం జరిగినట్టే. ఆమె కూడా నా కస్టమరే.

ఇంకో సంగతి. మొక్క మీద పూసిన ఒక్క పువ్వుకు మార్కులు వేసే విభాగానికి కొన్న పువ్వు పనికిరాదు, మీ ఇంట్లో పెంచిందే ఉండాలి. అమరిక విభాగంలో కొన్న పువ్వులకు చాలాచోట్ల ఒప్పుకుంటారు, అయినా షో వాళ్లు ఇచ్చే షెడ్యూల్, అంటే పోటీ నియమాల పత్రం, చదవకుండా బంచ్ కొనకండి. అందులో పాత్ర సైజు, అమరిక ఎత్తు, గులాబీలు కాకుండా ఇంకేం వాడొచ్చో రాసి ఉంటుంది. అది తప్పితే ఎంత అందంగా పెట్టినా పక్కన పెట్టేస్తారు.

హైదరాబాద్ గుడిమల్కాపూర్ పూల మార్కెట్ నుంచి మాకు వచ్చే డచ్ గులాబీల గురించి కూడా ఉన్నదున్నట్టు చెబుతాను. బొకేకు అవి బాగుంటాయి. ప్రయాణం తట్టుకోవాలని వాటిని గట్టి మొగ్గగా ఉన్నప్పుడే కోస్తారు. పాలీహౌస్‌లో, అంటే ప్లాస్టిక్ షీటు కప్పిన షెడ్డులో, మొగ్గకు వల తొడిగి పెంచుతారు. పోటీలో హైబ్రిడ్ టీ గులాబీ (పొడవు కాడకు ఒక్కో పెద్ద పువ్వు పూసే రకం) సగం నుంచి ముప్పావు వంతు వరకు విచ్చుకుని ఉండాలి. మధ్యలో మొన ఎత్తుగా నిలబడి, రేకులు దాని చుట్టూ వరుసగా సుడి తిరగాలి. బాక్సులో వచ్చిన మొగ్గ చాలాసార్లు ఆ దశ దాకా సరిగ్గా విచ్చుకోదు. మీ పెరట్లో మృణాళిని, రక్తగంధ లాంటి మొక్క ఉంటే మా ఖరీదైన బంచ్ కంటే అదే మేలు. ఆ రెండూ ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ నుంచి వచ్చిన రకాలు.

ఆకులను చాలామంది పట్టించుకోరు. అమెరికన్ రోజ్ సొసైటీ ఒక్క పువ్వుకు వేసే 100 మార్కుల్లో ఆకారానికి 25, రంగుకు 20, కాడకు, ఆకులకు కలిపి మరో 20 ఉంటాయి. మన దగ్గర లెక్క కొంచెం మారొచ్చు, కానీ జడ్జి చూపు మాత్రం ఆకుల మీదకు తప్పకుండా పోతుంది. మందు కొట్టిన తెల్లటి మరకలుంటే తడి గుడ్డతో మెల్లగా తుడవండి. మెరవాలని నూనె రాయొద్దు.

కోయడం తెల్లవారుజామున గానీ, ఎండ దిగాక సాయంత్రం గానీ. బకెట్‌లో నీళ్లు చెట్టు దగ్గరకే తీసుకెళ్లండి. కాడను ఏటవాలుగా కోసి వెంటనే ముంచండి. ఇంటికొచ్చాక కాడ కింది కొసను నీళ్లలోనే మరోసారి కొంచెం కత్తిరించండి. కాడలోకి గాలి బుడగ పోతే నీళ్లు పైకి ఎక్కవు, పువ్వు మెడ వాలుస్తుంది. నీళ్లలో మునిగే ఆకులు తీసేసి, రాత్రంతా చల్లటి చీకటి గదిలో మెడ దాకా నీళ్లలో ఉంచితే మర్నాడు షో ముగిసేదాకా పువ్వు నిలబడే అవకాశం ఎక్కువ.

పేర్చడం విషయంలో మన ఆడవాళ్లకు ఎవరూ కొత్తగా ధైర్యం చెప్పనక్కర్లేదు. తాంబాలంలో తంగేడు, గునుగు, బంతి వరుసలుగా పేర్చి బతుకమ్మను నిలబెట్టే చేతులకు బరువు కింద ఉండాలనీ, ఏ రంగు పక్కన ఏ రంగు నప్పుతుందో బాగా తెలుసు. ఒక్కటే తేడా. బతుకమ్మలో ఖాళీ కనిపించకూడదు. గులాబీల అమరికలో పువ్వుకూ పువ్వుకూ మధ్య ఖాళీ ఉంటేనే ప్రతి పువ్వూ కనిపిస్తుంది. మన చెయ్యి అలవాటుగా ఆ ఖాళీని నింపేస్తుంది. అక్కడ ఆగడం నేర్చుకుంటే చాలు. పాత్ర ఎత్తు, వెడల్పుల్లో ఏది ఎక్కువైతే దానికి ఒకటిన్నర రెట్లు అమరిక ఎత్తు తీసుకోవడం పాత పద్ధతి, మొదలుపెట్టడానికి మంచిది.

ఇకపై షోకి వెళ్లేవాళ్లకు మేం కాడలు గుచ్చే పచ్చ ఫోమ్ ఇటుకలు కూడా అమ్మం. అది ప్లాస్టిక్, మట్టిలో కలవదు. చెల్సీ ఫ్లవర్ షో నడిపే రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 2021 నుంచి తన షోల్లో దాన్ని ఆపేసింది. ఒకసారి గుచ్చి తీసిన కాడను మళ్లీ అదే రంధ్రంలో పెడితే కింద గాలి ఉండి నీళ్లు అందవు, నేర్చుకునేవాళ్లకు అదో టెన్షన్. బదులుగా కాడలు గుచ్చి నిలబెట్టే ఇత్తడి ముళ్ల పిన్ హోల్డర్లు తెప్పించాం. ధర ఎక్కువే, కానీ మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. కొనలేనివాళ్లు షో రోజుకు మా దగ్గర అడిగి తీసుకెళ్లండి, అద్దె లేదు, కడిగి తిరిగివ్వండి.

నేర్పడానికి మాత్రం నేను వెనకాడను. ఆదివారాలు మధ్యాహ్నం షాపులో బల్లలు వేస్తాం, ఫీజు లేదు, పువ్వులు మీవి. తప్పెక్కడుందో చెబుతాను, కాడను మాత్రం మీరే జరపాలి.

బతుకమ్మ అయిపోయింది, వానలు తగ్గాయి, కొమ్మల కత్తిరింపుకు ఇదే సమయం. మన దగ్గర కత్తిరించాక పువ్వు రావడానికి దాదాపు 45 నుంచి 60 రోజులు పడుతుంది, చలి పెరిగితే ఇంకొంచెం ఆలస్యం. మీరు వెళ్లే షో తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టండి. మొక్కలన్నీ ఒకేరోజు కత్తిరించకుండా వారం తేడాతో రెండు మూడు విడతలుగా చేయండి, ఏదో ఒక విడత తేదీకి అందుతుంది. కొమ్మలు కత్తిరించే సికేటర్ పదును పోయి ఉంటే తీసుకురండి, సాన పట్టి ఇస్తాం.