తెల్లబట్ట గురించి, ఆడపిల్లలున్న ఇళ్లకు

తల్లిదండ్రులకు నమస్కారం.

అర్ధసంవత్సర పరీక్షల టైమ్‌టేబుల్, వ్యాన్ రూట్లలో మార్పులు లోపలి పేజీల్లో ఉన్నాయి. నా ఉత్తరం ఈసారి ఒక్క విషయం మీదే: ఎదిగే ఆడపిల్లలకు అయ్యే తెల్లబట్ట, అదే వైట్ డిశ్చార్జ్. నాన్నలు "ఇది ఆడవాళ్ల సంగతి" అని పేజీ తిప్పేయకండి. అమ్మ డ్యూటీలో ఉన్న రోజు మెడికల్ షాపుకి వెళ్లేది మీరే కదా.

ఆరు, ఏడు తరగతుల పిల్లలు సిక్‌రూమ్‌కి వచ్చి కడుపునొప్పి అంటారు. కాసేపు కూర్చోబెట్టి మాట్లాడితే అసలు సంగతి బయటికొస్తుంది. "లోపల తడిగా ఉంటోంది మిస్, ఏదో జబ్బు వచ్చింది." అమ్మకి చెప్పావా అంటే తల అడ్డంగా ఊపుతారు. కొందరు దీనికోసం రోజూ ప్యాడ్ పెట్టుకుని, చెన్నై ఎండలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా దాన్నే ఉంచుకుని, తొడలు ఒరుసుకుపోయి నడవలేక వస్తున్నారు. లేని జబ్బుకి భయపడి ఉన్న బాధ తెచ్చుకుంటున్నారు.

తెల్లబట్ట దానంతటది జబ్బు కాదు. ఒంట్లో ఈస్ట్రోజెన్ హార్మోను పెరగడం మొదలయ్యాక గర్భాశయ ముఖం నుంచి, యోని గోడల నుంచి కొద్దికొద్దిగా ద్రవం ఊరుతుంది. రాలిపోయిన పాత కణాలను బయటికి తెస్తుంది, లోపలి భాగాన్ని తడి ఆరిపోకుండా ఉంచుతుంది. సాధారణంగా మొదటి నెలసరికి ఆరు నెలల నుంచి ఏడాది ముందే ఇది కనబడుతుంది. పిల్ల పెద్దమనిషైతే ఫంక్షన్ చేయడానికి, టీ నగర్ వెళ్లి పట్టుపరికిణీ కొనడానికి మన ఇళ్లలో ఏ లోటూ చేయం. అంతకు ముందే మొదలయ్యే దీని గురించి మాత్రం ఎవరూ నోరు విప్పరు. నన్నడిగితే ఫంక్షన్ కాస్త తగ్గించినా ఫర్వాలేదు, ఈ మాట చెప్పడం మానకూడదు.

రంగు లేకుండానో తెల్లగానో ఉండి, ఆరితే బట్ట మీద లేత పసుపు మరకగా కనిపిస్తే అది మామూలే. వాసన పెద్దగా ఉండదు. రోజుకు అర చెంచా నుంచి చెంచా దాకా అవడం సహజం. నెలంతా ఒకేలా కూడా ఉండదు. నెలసరి ఆగిన కొద్ది రోజులు పొడిగా అనిపిస్తుంది. అండం విడుదలయ్యే రోజుల్లో, అంటే తర్వాతి నెలసరికి దాదాపు రెండు వారాల ముందు, పచ్చి గుడ్డు తెల్లసొనలా పారదర్శకంగా సాగుతుంది, ఎక్కువగానూ అవుతుంది. ఆ తర్వాత చిక్కబడుతుంది. నల్ల ప్యాంటీ మధ్యలో రంగు వెలిసి మచ్చ పడితే బట్టల సోపుని తిట్టుకునే అమ్మలు చాలామంది ఉంటారు. అది సోపు పని కాదు. నెలసరి మొదలైన వాళ్లలో యోనిలో మంచి బాక్టీరియా లాక్టిక్ ఆమ్లాన్ని తయారు చేస్తుంది, ఆమ్లత కొలిచే పీహెచ్ అక్కడ 3.8 నుంచి 4.5 మధ్య ఉంటుంది. క్రిములు చేరకుండా కాపాడేది ఆ ఆమ్లమే, గుడ్డకు రంగు వెలిసేదీ దానికే.

ఇప్పుడు అమ్మమ్మలు, నాయనమ్మలతో ఒక పేచీ. "తెల్లబట్టవుతోంది, ఎముకలు కరిగిపోతున్నాయి, అందుకే పిల్ల ఇలా వాడిపోయింది" అనే మాట మన ఇళ్లలో ఇంకా వినిపిస్తూనే ఉంది. ఎముకలేవీ కరగవు. ఇందులో ఒంటి బలమేదీ పోదు. "వేడి చేసింది" అని సబ్జా నీళ్లు, మజ్జిగ ఇస్తే ఇవ్వండి, ఎండకి మంచివే. దీనికి మందు మాత్రం కావు. పిల్ల నిజంగానే నీరసంగా ఉంటే, మెట్లెక్కితే ఆయాసపడుతుంటే, ముఖం పాలిపోతే, ఆ కారణం వేరే చోట వెతకాలి. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. పన్నెండేళ్లు దాటిన పిల్లకి అది 12 కన్నా తక్కువుంటే రక్తహీనతే. నెపం తెల్లబట్ట మీద వేసి అసలు లోపాన్ని వదిలేయడం మాకు తరచూ కనబడే సంగతి.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలంటే, పిల్లకి మామూలుగా ఉండేదానికన్నా తేడా వచ్చినప్పుడు. గడ్డలు గడ్డలుగా తెల్లగా అవుతూ విపరీతమైన దురద, మంట ఉంటే అది ఈస్ట్ ఇన్‌ఫెక్షన్ కావచ్చు. యాంటీబయాటిక్స్ వాడాక ఇది ఎక్కువగా వస్తుంది. షుగరున్న పిల్లలకు కూడా. బూడిద రంగులో పల్చగా, నీచు వాసనతో ఉన్నా, ఆకుపచ్చగానో ముదురు పసుపుగానో నురగతో ఉన్నా, నెలసరి కాని రోజుల్లో రక్తపు జీర కనిపించినా, మూత్రానికి వెళ్తే మండినా చూపించాల్సిందే. పొత్తికడుపు నొప్పితో పాటు జ్వరం కూడా ఉంటే ఆ రోజే వెళ్లండి.

షాపులో అడిగి క్రీము తెచ్చి రాయకండి. అక్కడ చేతికొచ్చే చాలా ట్యూబుల్లో స్టెరాయిడ్ కలిపి ఉంటుంది. రెండు రోజులు దురద తగ్గినట్టుంటుంది, ఆపగానే ఇంకా ఎక్కువవుతుంది.

"పెళ్లికాని పిల్లని గైనకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్తే తెలిసినవాళ్లు చూస్తే ఏమనుకుంటారో" అనే టెన్షన్ నాకు తెలుసు. ఈ వయసు పిల్లలకు సాధారణంగా మాటల్లో వివరాలు అడిగి, అవసరమైతే పైపైన చూస్తారు. లోపలి పరీక్ష అరుదు. అమ్మ పక్కనే ఉండొచ్చు. ఖర్చు సంగతి ఆలోచిస్తే ఎగ్మోర్‌లో 1844 నుంచి ఉన్న ప్రభుత్వ మహిళా, శిశు ఆసుపత్రి ఉంది. మన పెద్దవాళ్లు గోషా ఆసుపత్రి అనే ట్రిప్లికేన్ కస్తూర్బా గాంధీ ఆసుపత్రి ఉంది.

ప్రైమరీ పిల్లల విషయం వేరు. ఎదుగుదల లక్షణాలేవీ లేని ఆరేడేళ్ల పాపకి తెల్లబట్ట అయితే మామూలే అనుకోకండి. సరిగా కడుక్కోకపోవడం, సోపు పడకపోవడం, ఏ చిన్న వస్తువో లోపల ఇరుక్కోవడం, రాత్రిపూట దురద పెట్టే నులిపురుగులు, ఇలా కారణాలు చాలా ఉంటాయి. ఎవరైనా పాపని ఇబ్బంది పెట్టి ఉండే అవకాశాన్నీ డాక్టరు ఆలోచిస్తారు. పాపని గద్దించకండి, మళ్లీ మళ్లీ గుచ్చి అడగకండి. అనుమానం ఉంటే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి. మా దృష్టికి వస్తే పోలీసులకు తెలియజేయడం పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం ప్రకారం మా బాధ్యత. దాన్ని దాచిపెట్టమని మమ్మల్ని అడగొద్దు.

శుభ్రత పేరుతో అతి చేయక్కర్లేదు. యోని లోపలి భాగం తనను తానే శుభ్రం చేసుకుంటుంది. బయట మామూలు నీళ్లతో కడుక్కుంటే చాలు, అదీ ముందు నుంచి వెనక్కి. సెంటు వాసనల వాష్‌లు, డెటాల్ నీళ్లు వద్దు. కాటన్ లోదుస్తులు కొనండి, ఆటల పీరియడ్ ఉన్న రోజు బ్యాగులో ఇంకోటి పెట్టండి. వాటిని తువ్వాలు కింద దాచి ఆరేసే అలవాటు మానిపించండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన ఊళ్లో అసలే ఏదీ ఆరదు. పూర్తిగా ఆరకపోతే ఇస్త్రీ చేసి ఇవ్వండి, తడివి మాత్రం తొడగనివ్వకండి.

సిక్‌రూమ్‌లో కొత్త లోదుస్తులు, ప్యాడ్లు ఉంచుతున్నాం. పిల్లలు కారణం చెప్పక్కర్లేదు, అడిగితే చాలు. పరీక్షలయ్యాక ఆరు నుంచి ఎనిమిది తరగతుల ఆడపిల్లలతో ఒక లేడీ డాక్టరు మాట్లాడతారు. అమ్మలు కూడా వచ్చి కూర్చోవచ్చు. అనుమతి చీటీ డైరీలో అంటించాం, సంతకం చేసి శుక్రవారంలోగా క్లాస్ టీచరుకి పంపండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు