అమెరికా కాపీరైట్ ఆఫీస్ హెడ్ గారికి బహిరంగ లేఖ

నమస్తే అండి, లాస్ ఏంజెలెస్‌లో అడల్ట్ వీడియోలు తీసే చిన్న కంపెనీలో ఎడిటింగ్ చేస్తా, మావాళ్ళకి చెప్పుకోలేను గానీ ఇదీ చట్టబద్ధమైన పనే, పన్నులు కడుతున్నాం. మేం పెట్టిన వీడియో సాయంత్రానికల్లా ఎవడో ఫ్రీ సైట్‌లో ఎక్కించేస్తాడు, 1998 నాటి డిజిటల్ కాపీరైట్ చట్టం డీఎంసీఏ ప్రకారం వెతికి నోటీసులు పంపాల్సింది మేమే, ఒక లింక్ తీయిస్తే మర్నాడు ఇంకో పేరుతో అదే వీడియో. నటించినమ్మాయికి ఆ రోజు ఇచ్చిన డబ్బే, తర్వాత ఎంతమంది చూసినా పైసా రాదు, నాకు అసలు బాధ అదే. వీసా, మాస్టర్‌కార్డ్ కార్డు చెల్లింపులు ఆపేయగానే 2020 డిసెంబర్‌లో పోర్న్‌హబ్ అనే పెద్ద అడల్ట్ సైట్ వెరిఫై కాని అకౌంట్ల వీడియోలన్నీ తీసేసింది కదా, అంటే చెయ్యొచ్చు! ఈ చట్టంలో హక్కుదారులకీ సైట్లకీ మధ్య బ్యాలెన్స్ తప్పిందని అదే ఏడాది మీ ఆఫీసే రిపోర్ట్ ఇచ్చింది. తీసిన వీడియో మళ్ళీ ఎక్కకుండా చూసే బాధ్యత సైట్లదే అని అమెరికా చట్టసభ కాంగ్రెస్‌కి గట్టిగా చెప్పండి.