మధ్యాహ్న భోజనం ఇక మన డబ్బాల్లోనే

ఫ్రాన్స్‌లోని తులూజ్ నుంచి మా వ్యాన్‌లో పల్లెలు చూడటానికి వచ్చే అందరికీ నమస్కారం. ఇకమీదట మన ఒక్కరోజు ట్రిప్‌లో రెస్టారెంట్ భోజనం ఉండదు. ఎందుకో నేనే చెప్పాలి.

పోయిన ఆదివారం శాకాహారుల ప్లేట్లలో వేయించిన బంగాళదుంపలు వచ్చాయి. మరీ నిగనిగలాడుతున్నాయి, వాసన చూస్తే నూనెది కాదు. వంటింట్లోకి వెళ్లి అడిగితే కొత్త వంటాయన డబ్బా ఎత్తి చూపించాడు: బాతు కొవ్వు. "ఇందులో మాంసం ఎక్కడుందండీ?" అన్నాడు, అమాయకంగానే. ఆ ప్రాంతం వంటకి బాతు కొవ్వే ప్రాణమని నాకు తెలియక కాదు. అందుకేగా సీజన్ మొదట్లోనే అన్నీ ఫ్రెంచ్‌లో రాసిచ్చి, యజమానురాలి దగ్గర మాట తీసుకున్నది! ఎవరూ నోట పెట్టకముందే ప్లేట్లు వెనక్కి పంపాం. గుంటూరు నుంచి వచ్చిన పెద్దవాళ్లు రొట్టె, పళ్లతో సరిపెట్టుకున్నారు. వాళ్ల ముందు తల కొట్టేసినట్టయింది.

ఆవిడ ఫోన్ చేసి, మీకు వేరే పెనం పెడతానంది. మంచి మనిషి. మమ్మల్ని ఎవరూ ఎరగని రోజుల్లో, మిగతావాళ్లు కాదన్నా, టేబుల్ ఇచ్చింది. వారమంతా అదే ఆలోచన, రాత్రిళ్లు నిద్ర లేదు. కానీ పెనం మారుతుంది గానీ వండే చెయ్యి మారదు కదా. వద్దన్నాను.

కాబట్టి పులిహోర, పెరుగన్నం మా ఇంటి నుంచే. ప్విసెల్సి పల్లె కోటగోడ దగ్గర, కింద గ్రెజీన్ అడవి కనిపించేచోట కూర్చుని తిందాం. ఫ్రాన్స్ వచ్చి పులిహోరా అని నవ్వేవాళ్లు నవ్వండి. బయటే తింటామనేవాళ్లకి కోర్డ్ ఊళ్లో టైమిస్తాను. భోజనం డబ్బు టికెట్‌లోంచి తీసేశాం.

ఇదే అదనుగా కోర్డ్ తీసేసి కోట ఊరు కార్కసోన్ పెట్టమని కొందరి మెసేజ్‌లు. పెట్టను. కార్కసోన్‌కి రైలుంది, మీరే వెళ్లొచ్చు. కోర్డ్ 1222లో తులూజ్ పాలకుడు (కౌంట్) ఏడో రేమండ్ కొండమీద కట్టించిన ఊరు. అక్కడ ఒక ఇంటి ముఖం మీద వేటగాడు, కుక్క, అడవిపంది రాతిలోంచి బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. దాని కింద నిలబడి ఫోటో తీసుకోకుండా మిమ్మల్ని వెనక్కి తీసుకురాను. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి సీజన్‌లో పైదాకా చిన్న టూరిస్టు బండి ఉంది, టెన్షన్ వద్దు. బ్రునికెల్ కోటలు ఎప్పటిలాగే సాయంత్రం.

పెరుగన్నంలో దానిమ్మ గింజలు వద్దనేవాళ్లు శుక్రవారంలోగా చెప్పండి.