విసుగు పుట్టేది సీటు దగ్గర, సర్దాల్సిందీ అక్కడే

సంపాదకులకు నమస్కారం.

ఉద్యోగుల్లో నిస్పృహ గురించి ఈమధ్య వస్తున్న వ్యాసాల్లో ఎక్కువ భాగం ఒకే మాట చెబుతున్నాయి. మంచి ఆలోచనలు పెంచుకోండి, సెలవు దొరికితే అరకు వెళ్లి రండి, ఆదివారం కుటుంబంతో గడపండి అని. వాటిలో తప్పేమీ లేదు. కానీ సోమవారం పదిన్నరకు మళ్లీ అదే కుర్చీ, అదే తెర, అదే కాగితాల కట్ట ఎదురైనప్పుడు ఆ సలహాలు అక్కరకు రావు. రోజూ ఒకే పని చేసేవారిని పట్టుకునే విసుగు, నీరసం, ఏ పనీ చెయ్యబుద్ధి కాకపోవడం చాలావరకు మనిషి స్వభావంలోంచి వచ్చేవి కావు. గదిలో గాలి, కిటికీ వెలుతురు, పని పంచిన తీరు, చేసిన పని ఏమైందో తెలియకపోవడం... వీటిలోంచి వస్తాయి. కాబట్టి వాటిని సరిచేయడం కూడా ఆఫీసు వేళల్లో, సీటు దగ్గరే జరగాలి. కలెక్టరేట్ సెక్షన్ల నుంచి సిరిపురం బ్యాంకు శాఖల దాకా, పోర్టు కార్యాలయాల నుంచి రుషికొండ ఐటీ సెజ్ దాకా విశాఖలో ఇలాంటి పనిలో ఎందరో ఉన్నారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు విసుగు ఎప్పుడొస్తోందో కొలవాలి. అరకాగితం తీసుకుని పది నుంచి ఐదున్నర వరకు గంటకో గీత గీయండి. ఆ గంటలో చేసిన పని ఏమిటి, హుషారు సున్నా నుంచి పదిలో ఎంత, పక్కన ఒక్క మాట (ఆకలి, ఉక్క, ఫోను, కునుకు, ఏదైనా సరే) రాయండి. సోమవారం నుంచి శుక్రవారం దాకా చాలు. ఏ గంటది ఆ గంటకే రాయాలి. సాయంత్రం గుర్తు చేసుకుని రాస్తే పనికిరాదు. దిగులుగా ఉన్న మనసు రోజంతా అలాగే గడిచిందనే చెబుతుంది. వారం చివర చూస్తే, "పొద్దస్తమానం విసుగే" అన్నవారి కాగితం మీద కూడా అంకెలు ఒక్కలా ఉండవు. ఏ పని చేస్తున్నా రోజూ ఒకే వేళకు అంకె పడిపోతుంటే కారణం గదిలోనో ఒంట్లోనో ఉంది. వేళ ఏదైనా ఒకే పని దగ్గర పడిపోతుంటే తేడా ఆ పనిలో ఉంది. ఒక మనిషి పిలిచినప్పుడల్లా పడిపోతుంటే అది విసుగు కాదు, దాని పరిష్కారం వేరే. ఈ మూడింటినీ కలిపేసి "నాకు ఉద్యోగం పడలేదు" అనుకోవడం వల్లే చాలామంది ఏళ్ల తరబడి బాధపడుతున్నారు.

ముందు గది సంగతి. విశాఖ ఉక్కకు తట్టుకోలేక కిటికీలు మూసి ఏసీ వేసుకుంటాం. చాలామందికి తెలియనిదేమిటంటే, మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. లోపలున్న గాలినే మళ్లీ మళ్లీ చల్లబరుస్తుంది. పన్నెండడుగుల వెడల్పు, పదిహేనడుగుల పొడవున్న గదిలో ఆరుగురు తలుపులు బిగించుకుని కూర్చుంటే, బయట 420 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో 420 పాళ్లు) దాకా ఉండే కార్బన్ డయాక్సైడ్ అరగంటలోపే 1000 దాటుతుంది. మధ్యాహ్నానికి దానికి రెండింతలు, మూడింతలు కూడా కావచ్చు. చల్లగా ఉంటుంది కాబట్టి గాలి బాగుందనుకుంటాం. తల బరువు, ఆవలింతలు, చదివిన వాక్యమే మళ్లీ చదవడం మొదలైతే "నాకు శ్రద్ధ పోయింది" అని మనల్ని మనమే తిట్టుకుంటాం. నిజానికి అక్కడ లేనిది గాలి.

దీనికి చెయ్యాల్సింది పెద్ద పనేమీ కాదు. సిబ్బంది రాకముందు ఒకసారి, పదకొండు గంటల టీకి, భోజనం వేళ, మళ్లీ నాలుగింటికి ఎదురెదురుగా ఉన్న తలుపు, కిటికీ పది నిమిషాలు బార్లా తెరవాలి. ఒక్క కిటికీ మాత్రమే తెరిస్తే గాలి ఆడదు. ఇక్కడి గాలిలో తేమ ఎక్కువ కాబట్టి మూశాక గది మళ్లీ చల్లబడటానికి కొంత టైము పడుతుంది. అందుకే భోజనానికి అందరూ లేచిన వేళ తెరవడం మేలు. శాశ్వతంగా కావాలంటే గోడ పైభాగాన ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టి, ఎదురుగా తలుపు కింద అంగుళం ఖాళీ వదలాలి. ఆ ఖాళీ లేకపోతే ఫ్యాన్ ఊరికే తిరుగుతుంది, గాలి మారదు. కొలిచి చూసుకోవాలంటే చిన్న మీటర్లు దొరుకుతాయి గానీ, ఎన్‌డీఐఆర్ సెన్సర్ (పరారుణ కాంతితో నేరుగా కార్బన్ డయాక్సైడ్‌నే కొలిచేది) అని రాసి ఉన్నదే కొనండి. చవకవి కొన్ని వేరే ఆవిర్లను కొలిచి, అంచనా వేసి అంకె చూపిస్తాయి. అగరొత్తి వెలిగిస్తే చాలు వాటి లెక్క ఎగిరిపోతుంది.

వెలుతురు గురించి రెండు మాటలు. ఆఫీసు ట్యూబులైట్ల కింద టేబుల్ మీద పడే కాంతి 300 నుంచి 500 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత). మబ్బు పట్టిన రోజైనా ఆరుబయట పగటివేళ కొన్ని వేల లక్స్ ఉంటుంది. రాత్రి నిద్ర, పగటి హుషారు రెండూ ఈ తేడా మీద చాలావరకు ఆధారపడతాయి. ఉదయం పావుగంట, ఇరవై నిమిషాలు బయట ఉండాలి. బస్సు కోసం నిలబడినా, ఒక స్టాపు ముందు దిగి నడిచినా సరిపోతుంది. గాజువాక నుంచి మధురవాడ దాకా నల్లద్దాల కారులోనో క్యాబులోనో వెళ్లి, నేరుగా లిఫ్టెక్కేవారికి ఆ పావుగంట కూడా దక్కడం లేదు.

ఇక పని. నౌకాదళం ఉన్న ఊరు కాబట్టి ఈ సంగతి ఇక్కడివారికి తొందరగా అర్థమవుతుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో రాడార్ తెర ముందు కూర్చున్నవారు కళ్లెదుట కనిపించిన గుర్తును కూడా వదిలేస్తున్నారని బ్రిటిష్ వైమానిక దళం గమనించింది. దాన్ని పరీక్షించినవారు నార్మన్ మ్యాక్‌వర్త్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త. గడియారం లాంటి పలక మీద ముల్లు ఒక్కొక్క అడుగు వేస్తూ తిరుగుతుంటుంది. ఎప్పుడో ఒకసారి రెండడుగులు ఒకేసారి దూకుతుంది. అది చూసి మీట నొక్కాలి, అంతే. మొదటి అరగంట దాటేసరికే మనుషులు ముల్లు అలా దూకడాన్ని పట్టుకోలేకపోవడం ఎక్కువైందని 1948లో ఆయన ప్రచురించారు. ఆ కూర్చున్నవాళ్లు సోమరులు కారు, మనిషి చూపు తీరే అంత. వోచర్లు సరిపోల్చేవారు, ఆధార్ నంబర్లు ఎక్కించేవారు, కంటైనర్ల జాబితా చూసేవారు, సీసీ కెమెరాల గదిలో కూర్చునేవారు రోజూ చేస్తున్నది అదే పని.

కాబట్టి సరిచూసే పనిని ఇరవై ఐదు, ముప్పై నిమిషాలకు మించి ఏకబిగిన చెయ్యకూడదు. తర్వాత ఐదు నిమిషాలు లేవాలి. మంచినీళ్లు తాగి, ఒక అంతస్తు మెట్లు దిగి ఎక్కి, కిటికీలోంచి దూరంగా ఉన్న కొండనో చెట్టునో చూడాలి. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఆ ఐదు నిమిషాలు ఫోనులో రీల్స్ చూస్తారు. కళ్లు అవే, వేలు అదే, తెర మీద చూపూ అదే. అలసిన భాగానికి విశ్రాంతి దొరకదు, పైగా రీల్స్ తర్వాత వోచరు ఇంకా చప్పగా కనిపిస్తుంది. రెండో తప్పు, నచ్చని పనిని మూడు గంటల దాకా వాయిదా వెయ్యడం. అసలే అంకె పడిపోయే వేళ అది. పైగా పొద్దుటి నుంచి దాని బరువు మోస్తూనే ఉంటారు. మీ అరకాగితం మీద ఏ గంటకు అంకె పెద్దదో ఆ గంటకు నచ్చని పని పెట్టండి. రెండు, మూడు గంటల మధ్య నిలబడి చేసేవి, మనుషులతో మాట్లాడేవి, ఫోన్లు పెట్టుకోండి. వరసగా రెండు సరిచూసే పనులు వద్దు.

అంతులేని పని ఇంకో రకంగా కుంగదీస్తుంది. టేబుల్ మీద రెండొందల కాగితాల దొంతర ఉంటే నలభై చేసినా అది తరిగినట్టు కనిపించదు. వాటిని ఇరవై చొప్పున కట్టలు కట్టి, ముందు ఒక్క కట్టే ఉంచుకుని మిగతావి బీరువాలో పెట్టండి. అయిపోయినవి కుడిచేతి పక్క ట్రేలో, కంటికి ఆనేలా పెట్టండి. ఫైళ్లన్నీ కంప్యూటర్లోనే నడిచే ఈ-ఆఫీస్‌లో పని చేసేవారికి దొంతర కూడా ఉండదు, ఎంత పంపినా ఇన్‌బాక్స్ నిండుతూనే ఉంటుంది. వారు పక్కన కాగితం మీద ఫైలుకో గీత గీసి, ఐదో గీత అడ్డంగా కొట్టాలి. చిన్నపిల్లల పనిలా అనిపించినా సాయంత్రానికి చేసిందేమిటో కళ్లకు కనిపిస్తుంది. అధికారులకు ఒక విన్నపం. ఆ గీతల కాగితం ఉద్యోగి సొంతం. "నిన్న ఎనభై చేశావు కదా, ఇవాళ తొంభై చెయ్యి" అన్న రోజున ఆ కాగితం మాయమవుతుంది, దాంతోపాటు నమ్మకమూ పోతుంది.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, అందరూ పట్టించుకోకుండా వదిలేసేది పని పంపకం. ఏ పని మనిషిని పట్టి ఉంచుతుందో వివరిస్తూ హాక్‌మన్, ఓల్డ్‌హామ్ అనే ఇద్దరు పరిశోధకులు 1976లో ఐదు విషయాలు చెప్పారు. పనిలో రకరకాల నేర్పులు వాడాలి. మొదలు నుంచి చివర దాకా ఒక పని మొత్తం చెయ్యగలగాలి. అది ఎవరికో అక్కరకొస్తోందని తెలియాలి. ఎలా చెయ్యాలో కొంతైనా తన ఇష్టం ఉండాలి. ఎలా చేశామో తెలియాలి. మన ఆఫీసుల్లో ఒక పింఛను ఫైలును తీసుకుని చూడండి. ఒకరు సర్వీసు రిజిస్టరు సరిచూస్తారు, ఒకరు లెక్క వేస్తారు, ఒకరు నోటు రాస్తారు, ఇంకొకరు పంపుతారు. రిటైరైన ఆ టీచరు ఖాతాలో డబ్బు పడిందో లేదో నలుగురిలో ఒక్కరికీ తెలియదు. ఐదింటిలో నాలుగు అక్కడే పోయాయి. ఐదోది మిగిలినా ఎలా చేశామన్నది తప్పు జరిగినప్పుడు మెమో రూపంలోనే తెలుస్తుంది.

దాన్నే మండలాలవారీగా పంచితే, ఒక్కొక్కరు తమ మండలం ఫైలును మొదటి నుంచి చివర దాకా చూస్తారు. ఒకరు వేసిన లెక్కను ఇంకొకరు సరిచూసే ఏర్పాటు అలాగే ఉంచుకోవచ్చు, ఉంచుకోవాలి కూడా. అంత మార్పు కుదరకపోతే నెలాఖరున పావుగంట కూర్చుని ఆ నెల ఎవరెవరికి పింఛను మొదలైందో పేర్లు చదవండి. ఐటీలో ఫిర్యాదుల టికెట్లు మూసేవారికి వారానికి ఒక్కసారైనా, ఇబ్బంది తీరిన మనిషితో మాట్లాడే వీలు కల్పించండి. సీట్లు మార్చడం మంచిదే, కానీ వారం వారం మార్చితే ఎవరికీ ఏదీ చేతికి రాదు, తప్పులు పెరుగుతాయి, ఆ తప్పులకు మళ్లీ మెమోలు. మూడు నెలలకోసారి మార్చి, పాతవారు కొత్తవారి పక్కన ఒక వారం కూర్చునేలా చూస్తే సరిపోతుంది.

తిండి సంగతి అందరూ రాసేదే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. క్యారేజీలో అన్నం తగ్గించి కూర, పప్పు పెంచండి. తిన్నాక పది నిమిషాలు నడవండి. నాలుగింటికి ఆకలేస్తే బజ్జీల బదులు ఉడికించిన వేరుశనక్కాయలో, మజ్జిగ కలిపిన చోడి (రాగి) అంబలో తీసుకోండి. టీ, కాఫీల్లోని కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికే ఐదు గంటల దాకా పడుతుంది. పదింటికి పడుకునేవారు మూడు తర్వాత తాగకపోవడమే మంచిది. దిగులు పోవడానికని రాత్రి మద్యం పుచ్చుకుంటే ముందు నిద్ర పట్టినట్టే ఉండి, తెల్లవారుజామున తెగిపోతుంది. మర్నాడు దిగులు ఇంకా ముదురుతుంది.

ఆఫీసు దాటాక ఒక్కటే నియమం. "మూడ్ వచ్చాక చేద్దాం" అనుకోవద్దు. మనసు కుంగినప్పుడు ముందు పని, ఆ తర్వాతే మూడ్. చోటు, వేళ, తోడు మూడూ ముందే ఖాయం చేసుకోండి. "వ్యాయామం చెయ్యాలి" అనుకుంటే జరగదు. "మంగళ, శుక్రవారాలు ఆరున్నరకు, పక్క సీటు శ్రీనుతో, బీచ్ రోడ్డులో సబ్‌మెరైన్ దగ్గర" అనుకుంటే జరుగుతుంది. నడక ఇష్టం లేనివారికి ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం ఉంది.

ఇవన్నీ విసుగుకు. జబ్బుకు ఇవి చాలవు, ఆ తేడా తెలియడం చాలా అవసరం. పనివల్ల సత్తువ హరించుకుపోవడం, పని మీద ఏవగింపు, ఏదీ సరిగా చెయ్యలేకపోతున్నామన్న భావన... ఈ మూడూ కలిసిన బర్న్‌అవుట్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో పనికి సంబంధించిన స్థితిగానే గుర్తించింది, జబ్బుగా కాదు. అది సాధారణంగా నాలుగు రోజులు సెలవు పెడితే కొంతైనా తేలికపడుతుంది. డిప్రెషన్ అలా కాదు, సెలవులో కూడా వెంటే వస్తుంది. రెండు వారాలుగా దాదాపు రోజంతా దిగులు, ఇంట్లో పిల్లల ముచ్చట్లు కూడా పట్టకపోవడం, నిద్ర, ఆకలి తప్పడం, తానెందుకూ పనికిరానన్న ఆలోచన ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12, షుగర్ పరీక్షలు కూడా చేయించండి. వీటిలో తేడా ఉన్నా ఇలాంటి నీరసమే కనిపిస్తుంది, శాకాహారుల్లో బీ12 తక్కువ కావడం మామూలే. మందులు రాస్తే పని చెయ్యడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. నాలుగు రోజులు వాడి గుణం లేదని మానేయకండి, తగ్గాక కూడా డాక్టరును అడగకుండా ఆపకండి. చావు ఆలోచనలు వస్తుంటే ఒక్క రోజు కూడా ఆగొద్దు. మానసిక సమస్యల కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)లో మానసిక వైద్య విభాగం, వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి.

ఆ 14416 నంబరును మీ పత్రికలో ఉద్యోగ సమాచారం వేసే పేజీలో రోజూ ఒక మూల ప్రచురించాలని కోరుతున్నాను. ఆఫీసుల్లో హాజరు యంత్రం పక్కనే దాన్ని అంటిస్తే ఇంకా మంచిది, ఎవరినీ అడగకుండానే అందరి కంటా పడుతుంది. సెక్షన్ల బాధ్యులు మాత్రం పైనుంచి ఉత్తర్వు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. పనుల వరసను ఉద్యోగి ఎంచుకోనివ్వడానికి పైసా ఖర్చు లేదు. ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కు ఒక నోటు పెడితే చాలాచోట్ల చిల్లర ఖర్చుల పద్దులోనే అయిపోతుంది.

ఇట్లు,
ఉద్యోగుల ఆరోగ్య సలహాదారు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం