విదూషకుడంటే కామెడీ ట్రాక్ కాదు

సంపాదకునికి,

పాత నాటకాలను కుదించి ఆడేటప్పుడు ముందు కత్తెర పడేది విదూషకుడి మాటలకే. ఉంచినా పిచ్చి గెంతులతో సరిపెడుతున్నారు. షేక్‌స్పియర్ ‘కింగ్ లియర్’లో రాజును సూటిగా తప్పుపట్టిన కెంట్ అనే ప్రభువుకు దేశబహిష్కారం, అదే పని చేసిన ఫూల్‌కు, అంటే ఆస్థాన విదూషకుడికి, మాత్రం కొరడా బెదిరింపుతో సరి. రాజ్యం పంచేసిన ఆ ముసలి రాజుతో ఫూల్ ‘గుడ్డు ఇవ్వు, రెండు కిరీటాలిస్తా’ అంటాడు. లోపలిది తినేశాక మిగిలే డొల్లలే ఆ కిరీటాలట!

కాళిదాసు శాకుంతలంలో విదూషకుడు మాధవ్యుడి సంగతి ఇంకా చిత్రం. శకుంతల ముచ్చటంతా వేళాకోళమేనని చెప్పి దుష్యంతుడు రెండో అంకంలోనే అతణ్ణి రాజధానికి పంపేస్తాడు. అయిదో అంకంలో ఆమె వచ్చేసరికి అతణ్ణి హంసపదిక అనే రాణి దగ్గరికి పంపించేసి ఉంటాడు. మరిచిపోయిన రాజుకు గుర్తుచేద్దామంటే, అతని నోట శకుంతల పేరు విన్న ఒక్క మనిషీ సభలో లేడన్నమాట. నవ్వుల కోసం ఈ పాత్రను ఎటుపడితే అటు జరిపితే కథే కుంటుపడుతుంది. దర్శకులు కాస్త చూసుకోవాలి.

– ఒక నాటకాభిమాని