ఎండకు వెలిసిపోయిన ఇటుక ఎరుపు రంగుపై ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: మీ ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ (బయటి గోడల రంగు) వెలిసిపోవడం, వారంటీ క్లెయిమ్ తిరస్కరణ గురించి

అయ్యా,

హైదరాబాద్ రామంతాపూర్‌లోని మా ఇంటి పడమటి గోడకు మీ ఇటుక ఎరుపు ఎమల్షన్‌ను, మీ డీలరు చెప్పిన పద్ధతిలోనే, మీ ప్రైమర్ మీదే వేయించాం. డబ్బా మీద ఏడేళ్ల వారంటీ అని ఉంది. రెండో ఎండాకాలం దాటేసరికి ఆ ఎరుపు కాస్తా పాలిపోయిన గులాబీ అయింది. మీ ప్రతినిధి వచ్చి చూసి, గోడలో తేమ ఉందనీ, సిమెంటులోని క్షారం రంగును తినేసిందనీ రాసి క్లెయిమ్ తోసిపుచ్చారు. ఆ నివేదికను నేను ఒప్పుకోను.

రంగు వేశాక బిగించిన కరెంటు మీటరు బోర్డును ఈమధ్య పక్కకు జరిపించాం. దాని వెనక ఎరుపు చెక్కుచెదరలేదు. బోర్డు అంచు దగ్గర స్కేలు పెట్టి గీసినట్టు ఇటు ఎరుపు, అటు గులాబీ. అదే ప్లాస్టరింగ్, అదే ప్రైమర్, అదే డబ్బా. తేమ, క్షారం గోడ లోపలి నుంచి వచ్చేవి. పైన బోర్డు ఉందని ఆగవు. ఎక్కడా పొక్కులు లేవు, ఉప్పు పొంగలేదు. బోర్డు ఆపింది ఎండనే. ఫొటోలు జతచేస్తున్నాను.

"పడమటి ఎండకు ఏ రంగైనా పోతుంది" అని ఫోనులో మీవాళ్లు అన్నారు. అది నిజం కాదు. మన ఊళ్లలో పూసే జాజు (ఎర్రమన్ను) వానకు కొట్టుకుపోతుందేమో గానీ ఎండకు వెలవదు. దాని ఎరుపు ఐరన్ ఆక్సైడ్‌ది. వెలుతురులోని నీలం, ఆకుపచ్చలను మింగేసి ఎరుపును తిప్పి పంపడం పిగ్మెంట్, అంటే రంగునిచ్చే పొడి, చేసే పని. ఐరన్ ఆక్సైడ్‌లో ఇనుము అప్పటికే ఆక్సిజన్‌తో పూర్తిగా కలిసిపోయి ఉంటుంది కాబట్టి ఎండ దాన్ని మార్చలేదు. చాలా ఆర్గానిక్ (కార్బన్ అణువులతో చేసిన) ఎరుపులు అలా కాదు. అతినీలలోహిత కిరణాలకు వాటి అణువుల్లోని బంధాలు తెగితే ఆ మింగే గుణమే పోతుంది, వెనకున్న తెలుపు బయటపడుతుంది. తెల్ల బేస్‌లో కొద్దిగా కలిపినప్పుడు మరీ త్వరగా పోతాయి. మీ డీలరు టింటింగ్ మెషీన్‌లో తెల్ల బేస్‌లోకి చుక్కలు చుక్కలుగా వేసింది అలాంటి ఎరుపే అని నా అనుమానం.

ఇంకొకటి. గోడను వేలితో రాస్తే సుద్దపొడి అంటుకుంటోంది. తెలుపునిచ్చే టైటానియం డయాక్సైడ్‌లో రూటైల్, అనటేజ్ అని రెండు రకాలు వాడతారు. అనటేజ్ ఎండలో చుట్టూ ఉన్న బైండర్‌నే, అంటే రంగు పొడిని పట్టి ఉంచే జిగురునే, పాడుచేస్తుంది, అప్పుడు రంగు ఇలా పొడిగా రాలుతుంది. అందుకే బయటి గోడలకు రేణువుల మీద పైపూత ఉన్న రూటైల్ వాడాలి. ఈ సంగతి మీ ల్యాబ్‌కు నేను చెప్పక్కర్లేదు.

నివేదికను రద్దు చేసి, ఈసారి టెక్నికల్ విభాగం వారిని పంపండి. బోర్డు వెనక పెచ్చునూ ఎండ తగిలిన పెచ్చునూ వాళ్లు మా ఎదుటే తీసుకోవాలి. ఈ షేడ్‌లో వాడిన పిగ్మెంట్లు, బయటి వాడకానికి వాటి లైట్‌ఫాస్ట్‌నెస్ (వెలుతురుకు వెలవకుండా నిలిచే గుణం) రేటింగ్ రాతపూర్వకంగా తెలపండి. పడమటి గోడంతా ఐరన్ ఆక్సైడ్ ఎరుపుతో మీ ఖర్చుతోనే మళ్లీ వేయించాలి, కూలీ, పరంజా ఖర్చులతో సహా. ఎండకు ఆగని షేడ్ అయితే షేడ్ కార్డులో "లోపలి గోడలకు మాత్రమే" అని అచ్చువేయండి. మాలాగే అప్పు చేసి ఇల్లు కట్టుకున్నవాళ్లు ఆ కార్డును నమ్మే రంగు ఎంచుకుంటారు.

పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. బిల్లు, బ్యాచ్ నంబరు కనిపించే డబ్బా ఫొటో, మీ ప్రతినిధి నివేదిక నకలు కూడా జతపరిచాను.

ఇట్లు,
మీ వినియోగదారు
రామంతాపూర్, హైదరాబాద్