పేజీల పీడీఎఫ్‌కు పుస్తకం ధరా?

సంపాదకులకు నమస్కారం.

అచ్చులో 250 రూపాయలున్న ఒక తెలుగు నవలను ఈ-పుస్తకంగా 240 రూపాయలకు అమ్ముతున్నారు. కాగితం లేదు, బైండింగు లేదు, పార్శిల్ ఖర్చు లేదు, విజయవాడ ఏలూరు రోడ్డు పుస్తకాల దుకాణదారుకు ఇచ్చే కమీషనూ లేదు. ఇన్ని లేకపోయినా తగ్గింది పది రూపాయలే! ఆన్‌లైన్‌లో అమ్మిపెట్టేవారూ వాటా తీసుకుంటారు, నిజమే. అచ్చు పుస్తకానికి జీఎస్టీ లేదు, అచ్చు ప్రతి ఉన్న ఈ-పుస్తకానికి 2018లో 5 శాతంగా నిర్ణయించారు. అవన్నీ కలిపినా లెక్క కుదరదు.

గవర్నర్‌పేటలో ప్రూఫులు దిద్దడం నా వృత్తి. చాలా తెలుగు పుస్తకాలు ఇప్పటికీ అచ్చు పనికి వాడే, యూనికోడ్ కాని అను ఫాంట్లలోనే కంపోజ్ అవుతాయి. ఫోను తెరకు తగ్గట్టు వాక్యాలు సర్దుకునే ఈ-పుస్తకం కావాలంటే వాటిని యూనికోడ్‌లోకి, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ గుర్తించే అక్షర పద్ధతిలోకి, మార్చాలి. అలా మారిస్తే ఒత్తులు చెదురుతాయి, కొన్ని అక్షరాలు వేరే అక్షరాలైపోతాయి. పుస్తకమంతా మొదటి పేజీ నుంచి మళ్ళీ దిద్దాలి. ఆ శ్రమకు ధర అడగడం న్యాయమే. ఈ-పుస్తకం ఊరికే ఇవ్వాలనే వారితో నేను ఏకీభవించను. రచయిత రాయల్టీ, మా కూలి అందులోంచే రావాలి కదా.

కానీ చాలాచోట్ల ఆ శ్రమే జరగడం లేదు. ప్రెస్సుకు పంపిన పేజీలనే పీడీఎఫ్‌గా అమ్మకానికి పెడుతున్నారు. డెమ్మీ సైజు, అంటే మామూలు నవల సైజు పేజీ ఫోను తెరకు ఇమడదు. చూపు మందగించిన మా అమ్మ కోసం అక్షరం పెద్దది చేస్తే వాక్యం తెర దాటిపోతుంది. పంక్తి పంక్తికీ పేజీని అటూ ఇటూ జరపలేక ఆమె ఆ నవలను నాలుగో అధ్యాయం దగ్గరే వదిలేసింది. అలాంటి వారికే కదా ఈ-పుస్తకం ఎక్కువగా పనికిరావలసింది!

నా అభిప్రాయంలో ఉత్త పీడీఎఫ్ ధర అచ్చు ప్రతి ధరలో మూడో వంతు దాటకూడదు. యూనికోడ్‌లోకి మార్చి, దిద్ది ఇచ్చినదానికి సగం వరకు తీసుకోవచ్చు. అచ్చు పుస్తకం కొన్నవారికి మరో ముప్పయ్యో నలభయ్యో తీసుకుని ఈ-పుస్తకమూ ఇస్తే సంతోషంగా కొంటాం. గట్టి అట్ట ప్రతికి ఎక్కువ ధర పెట్టడంపై నాకు పేచీ లేదు. గ్రంథాలయాల్లో పది చేతులు మారినా అది నిలుస్తుంది.

జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి వచ్చే ప్రచురణకర్తలు తమ ధరల పట్టికల్లో, ప్రతి ఈ-పుస్తకం ధర పక్కనే అది పేజీల పీడీఎఫో, అక్షరం పెంచుకోగల యూనికోడ్ ప్రతో స్పష్టంగా ముద్రించాలని కోరుతున్నాను.

– ఒక ప్రూఫ్‌రీడర్, గవర్నర్‌పేట, విజయవాడ